గోడకి తగిలించే విల్లు

ఆ రోజుల్లో బందరులో కాస్త ఖరీదైన వస్తువు ఏది కొనాలన్నా డబ్బు కన్నా ముందు ఒక మనిషిని చూసుకోవాలి. బేరమాడే మనిషిని. కుట్టుమిషను కొన్నా, పాత సైకిలు కొన్నా, పెళ్లికి పట్టుచీర కొన్నా ప్రతి చుట్టరికంలోనూ ఆ పనికి పేరుపడ్డవాళ్లు ఒకరు ఉండేవారు. వాళ్లు నోరు విప్పితే కొట్టువాడు ముందు నవ్వేవాడు, తరవాత విసుక్కునేవాడు, చివరికి దణ్ణం పెట్టి ఇచ్చేసేవాడు. ఇప్పుడైతే వస్తువు ఫోన్లో బొమ్మగా కనపడుతుంది, ధర దాని పక్కనే ఉంటుంది, తగ్గింపు కూడా వాళ్లే చెప్పేస్తారు. నాకు మాత్రం కొనడం అంటే ఇప్పటికీ మా చినమావయ్యే గుర్తొస్తాడు. ఆయన బేరమాడి నాకు కొనిపెట్టిన వస్తువు ఒక్కటే. విల్లు. (అవునండీ, మీరు సరిగ్గానే చదివారు. బాణాలు వేసే విల్లే.)

విల్లెందుకో చెప్పాలంటే ముందు చొక్కా గురించి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి ఎక్కణ్ణుంచో రెండు విల్లులు వచ్చాయి. డ్రిల్లు టీచరు "పొడుగ్గా ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. నేను ఎత్తకుండానే కనపడ్డాను. ఏడాది తిరిగేసరికి జిల్లా జట్టుకి ఎంపికయ్యాను. నలుగురమ్మాయిలం. జట్టుకి నీలంరంగు చొక్కాలు ఇచ్చారు, వీపు మీద తెల్లటి అక్షరాల్లో 'కృష్ణా' అని రాసి ఉండేది. ఆ చొక్కా మా ఇంట్లో దండెం మీద సరిగ్గా ఒక్క పూట వేలాడింది. మర్నాడే నాకు ఆటలమ్మ పోసింది. నేను వేపమండల మధ్య పడుకుని ఉంటే డ్రిల్లు టీచరు గుమ్మం బయటే నిలబడి, నా మీద జాలి పడి, చొక్కా పట్టుకెళ్లి మా వీధిలోనే ఉండే ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. ఆ అమ్మాయి వెళ్లింది, ఓడింది, వచ్చింది. అంతటితో ఊరుకుంటే నాకే బాధా ఉండేది కాదు. ఆ చొక్కా వేసుకుని రెండేళ్లపాటు కూరల బజారుకి వెళ్లింది, ట్యూషన్‌కి వెళ్లింది, ఒకసారి మా ఇంటికే పేరంటానికి పిలవడానికి వచ్చింది. వెళ్లేటప్పుడు వెనక్కి తిరుగుతుంది కదా, అప్పుడు 'కృష్ణా' అని కనపడేది. ఆ అక్షరాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

తరవాత బడిలో విల్లులకి చెదలు పట్టింది, డ్రిల్లు టీచరుకి బదిలీ అయింది, నేను ఇంటరూ డిగ్రీ చదివి ఒక చిన్న కాన్వెంటులో మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పే పంతులమ్మనయ్యాను. చొక్కా పోయి ఆరేళ్లు గడిచాయి. తొంభైల చివర్లో ఒకరోజు పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్ల ప్రకటన చూశాను. ఆడవాళ్ల విలువిద్యకి జిల్లా ఎంపికలు బందరులోనే, రెండు నెలల తరవాత, ఎవరి సామాను వాళ్లే తెచ్చుకోవాలి. ఆ నాలుగు లైన్లూ చదవగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆటా కాదు, దేశమూ కాదు, చొక్కా. ఇరవై రెండేళ్ల దాన్ని, ఆ మాట పైకి చెప్పుకోలేను కదా! ఇంట్లో మాత్రం "భుజాలకి మంచి వ్యాయామమట" అని చెప్పాను.

ఎవరి సామాను వాళ్లే అన్న ముక్క దగ్గర వచ్చింది చిక్కు. బెజవాడలో ఆటసామాన్ల కొట్టుకి వెళ్లి అడిగితే కొత్త విల్లు ధర నా ఏడాది జీతంతో సమానం. నేను మొహం వేలాడేసుకుని మెట్లు దిగుతుంటే కొట్టాయన వెనక్కి పిలిచి, "గుడివాడలో రిటైరైన మాస్టారొకాయన దగ్గర పాత విల్లుందమ్మా, అమ్ముదామనుకుంటున్నారు" అని చీటీ మీద ఇంటి గుర్తులు రాసిచ్చాడు. నా దగ్గర ట్యూషన్ల మీద కూడబెట్టుకున్నది రెండున్నర వేలు ఉంది. మాస్టారు ఎంత చెప్తారో తెలీదు. ఇక మావయ్యని పిలవక తప్పలేదు.

మా చినమావయ్య రేవులో చేపల పాటకి వెళ్లేవాడు. పడవ ఒడ్డుకి రాగానే చేపలు కుప్పలు పోస్తారు, పాట పెడతారు, ఎవరెక్కువ పాడితే కుప్ప వాళ్లది. ఆ పాటలో ఆయనకో పద్ధతుంది. తనకి కావలసిన కుప్ప వంక చచ్చినా చూడడు. పడవ రంగు గురించి మాట్లాడతాడు, మబ్బుల గురించి మాట్లాడతాడు, పక్కకుప్పలో పీతల్ని పలకరిస్తాడు, చివర్లో ఏదో దారినపోతూ అన్నట్టు ఒక ధర అనేసి కుప్ప పట్టుకుపోతాడు. ఆ పైన కొసరు. కొసరు లేకుండా ఆయన జన్మలో ఏదీ కొనలేదు. గుడివాడ బస్సులో పెడన దాటిన దగ్గర్నుంచీ నాకు పాఠం మొదలుపెట్టాడు.

"ఏవే, అక్కడికెళ్లాక ఆ విల్లు వంక చూడమాక. నీ కళ్లు దాని మీద పడ్డాయంటే ధర లేచి కూచుంటది."

"చూడకుండా ఎలా కొంటాం మావయ్యా?"

"నేను చూస్తాగా. నువ్వు ఇంకేదన్నా చూడు. నీకు కావాలని మాత్రం అనమాక, నోరు జారావంటే నేను బస్సెక్కి వచ్చేస్తా."

గుడ్లవల్లేరులో వేరుశెనక్కాయలు కొన్నప్పుడు ఆయన పొట్లం వంక చూడకుండానే నాలుగు గింజలు కొసరు తీసుకోవడం నా కళ్లతో చూశాను. అందుకని పూర్తిగా నమ్మేశాను.

మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ బనీనులో ఉన్నారు. (బనీనుకి ఇస్త్రీ చేసుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.) మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చారు. ఒకటి నాకిచ్చి, రెండోది మావయ్యకి ఎడంచేత్తో ఇవ్వబోయి, నాలిక్కరుచుకుని, చెయ్యి మార్చి ఇచ్చారు. మావయ్య "ఫర్వాలేదులెండి" అని పెద్దమనసు చేసుకుని, నా వైపు వంగి, "ఈ తడబాటుకి రెండొందలు తగ్గిద్ది చూడు" అన్నాడు. మాస్టారు లోపలికెళ్లి పొడవాటి కాన్వాసు సంచీ తెచ్చి మంచం మీద పెట్టారు. విల్లు మూడు ముక్కలు, బిగించుకోవాలి. ఒక్కో ముక్కా తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి పక్కన పెడుతున్నట్టు నాకు చప్పుడుని బట్టి తెలుస్తోంది. నేను మాత్రం గోడ మీద ఎరువుల కొట్టువాళ్ల క్యాలెండరు చూస్తున్నాను. దాని మీద బొద్దుగా ఉన్న పిల్లాడొకడు వరికంకి పట్టుకుని నవ్వుతున్నాడు. వాడికి పైన రెండు పళ్లు, కింద మూడు.

"అమ్మాయి వేస్తుందాండీ?" అని అడిగారు మాస్టారు.

"అబ్బే, దీనికేం తెలుసండీ!" అన్నాడు మావయ్య. "మొన్నే ఇల్లు కట్టాం. హాల్లో గోడకి తగిలిద్దామని. జింకకొమ్ములు దొరకట్లేదు." (మా ఇంట్లో అప్పటికి హాలే లేదు. ముందుగది, వంటగది, మధ్యలో ఒక తెర.)

మాస్టారు తుడుస్తున్న చప్పుడు ఆగింది. మళ్లీ, "బొత్తిగా వెయ్యరా?" అన్నారు.

"వెయ్యమండీ. షోకి."

మాస్టారు నాలుగు వేలు చెప్పారు. మావయ్య మబ్బుల వంక చూశాడు. మాస్టారు గుడ్డ మడత పెట్టుకుంటూ కూర్చున్నారు. మావయ్య నా చెవిలో, "మంచి సరుకున్నోడు ఇలాగే బిగుసుక్కూచుంటాడు. ఉండు, దిగుతాడు" అన్నాడు. నిజంగానే దిగారు. మూడున్నర అన్నారు, మూడన్నారు, ఎవరూ అడక్కుండానే దిగిపోతున్నారు. ఇంత తేలిక బేరం మావయ్య రేవులో కూడా చూడలేదట. ఆఖరికి మాస్టారు, "బిగించి చూపించమంటారా?" అని అడిగారు.

"ఎందుకండీ శ్రమ, గోడకేగా!"

"పోనీ, అమ్మాయికి ఎప్పుడన్నా వెయ్యాలనిపిస్తే..." అన్నారు మూడోసారి, ఈసారి మావయ్యని కాదు, నన్నే చూస్తూ. నాకు గొంతుదాకా వచ్చింది. మావయ్య నా కాలు తొక్కాడు. నేను క్యాలెండరు పిల్లాడి పళ్లు మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాను. "సరే, మీ ఇష్టం" అని మాస్టారు రెండువేల రెండొందలకి సంచీ మూతి కట్టేశారు. మావయ్య కొసరడిగితే ఎనిమిది బాణాలూ, వేళ్లకి తొడుక్కునే తోలుముక్కా తెచ్చి సంచీ మీద పెట్టారు. గేటుదాకా వచ్చి సాగనంపుతూ, "ఎండ తగలని గోడకి పెట్టండమ్మా" అన్నారు. తిరుగు బస్సులో మావయ్య పెడన దాకా తన తెలివితేటలు తనే మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక చాప పరిచి, విల్లు బిగించి, ఆరేళ్ల తరవాత మొదటిసారి లేచి నిలబడి ఎడంచేత్తో పట్టుకున్నాను. చేతికి ఇమడలేదు. కుడిచేత్తో బాణాలు వేసేవాళ్లు విల్లుని ఎడంచేత్తో పట్టుకుంటారు, అప్పుడు బాణం ఆనుకునే చిన్న మెట్టు ఎడంవైపు రావాలి. ఇది కుడివైపు వచ్చింది. తోలుముక్క కుడిచేతి వేళ్లకి తొడుక్కుంటే చూపుడువేలికి రావాల్సిన అంచు ఉంగరంవేలి దగ్గర తేలింది. నాకు విషయం అర్థమై చాప మీద కూలబడ్డాను. అది ఎడంచేతి వాటం వాళ్ల విల్లు.

"తలకిందులుగా పట్టుకో" అన్నాడు మావయ్య.

పట్టుకున్నాను. మెట్టు సరైన వైపే వచ్చింది, కానీ పిడి తిరగబడి, గరిటెని గుండ్రటి వైపు పట్టుకుని పులుసు కలుపుతున్నట్టు ఉంది.

"పోయి మార్చుకుందాం మావయ్యా."

"పాటయ్యాక చేప వెనక్కిచ్చినోణ్ణి ఎక్కడన్నా చూశావటే? అయినా ఏమని చెప్తావు? గోడ కుడిచేతి వాటం గోడండీ అని చెప్తావా?" అన్నాడు. కోపంగానే అన్నాడు కానీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పాతికేళ్లలో మావయ్య కొన్నది బెడిసికొట్టడం అదే మొదలు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదని అత్తయ్య మర్నాడు మా అమ్మకి చెప్పింది.

నా దగ్గర మిగిలింది మూడొందలు, చేతిలో తప్పు విల్లు, ముందు ఏడు వారాలు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. రెండోరోజు పొద్దున మావయ్యే వచ్చి, "వాటం మార్చుకుంటే పోలా? అయిదేళ్ల పిల్లలకి ఎడంచెయ్యి మాన్పించి కుడిచెయ్యి అలవాటు చెయ్యట్లా? నువ్వు అటుది ఇటు చెయ్యి" అన్నాడు. అంత మొండి సలహా ఇంకెవరిస్తారు! ఇంకో దారి లేక సరేనన్నాను. రేవు అవతల చేపలు ఎండబెట్టే ఇసకలో నాకు మైదానం తయారైంది. వరిగడ్డిని తాడులా పేని, చుట్టచుట్టి, బండిచక్రమంత గురి కట్టించాడు. తప్పిపోయిన బాణాలు పోకుండా దాని వెనక పాత వల కట్టాడు. మొదటి వారం నా బాణాలన్నీ వలలోనే పడ్డాయి. "వలలో పడాల్సింది వలలో పడతన్నాయిలే, దిగులుపడమాక" అనేవాడు. రెండో వారం ఒక బాణం వల దాటి ఎండుచేపల పందిట్లో దూరి వరసగా మూడు చేపల్ని గుచ్చింది. చేపలావిడ ఆ మూడూ బాణంతో సహా మా అమ్మకిచ్చి డబ్బులడిగింది.

వాటం మార్చుకోవడం మాటలు కాదండీ. కుడికన్ను ముయ్యబోతే రెండూ మూసుకునేవి. ఎడమ భుజం నీళ్లచెంబు కూడా ఎత్తనని మొరాయించేది. ఇంకో తమాషా ఏమిటంటే మొత్తం నేనే తిరగబడిపోయాను. కాన్వెంటులో హెడ్మిస్ట్రెస్‌కి హాజరుపట్టీ ఎడంచేత్తో అందించి చివాట్లు తిన్నాను. బోర్డు మీద ఏడో ఎక్కం ఎడంచేత్తో రాస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. అయినా ఆరో వారానికి పదింట్లో ఏడు బాణాలు గడ్డిలోనే దిగుతున్నాయి. మావయ్య పాటకి వెళ్లేముందు వచ్చి చేతులు కట్టుకుని చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఒకరోజు మాత్రం, "చొక్కా వస్తదంటావా?" అన్నాడు. నేను అదిరిపడ్డాను. ఆయనకి చొక్కా సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. "ఆ పిల్ల పేరంటానికి పిలవడానికొచ్చినప్పుడు నీ మొహం నేను చూశాలేవే" అన్నాడు.

ఎంపికల రోజు వచ్చాం ఏడుగురం, తీసుకునేది నలుగుర్ని. పద్దెనిమిదేసి బాణాల చొప్పున రెండు దఫాలు. మిగతా ఆరుగురూ ఒకవైపు తిరిగి నిలబడితే నేనొక్కదాన్నీ వాళ్లకి ఎదురు తిరిగి నిలబడ్డాను. మొదటి దఫా అయ్యేసరికి అయిదో స్థానంలో ఉన్నాను. బాణాలు పీక్కుని వస్తుంటే మార్కులు రాసే బల్ల పక్కన, పాత క్రీడాకారులకని వేసిన కుర్చీల్లోంచి ఒక పొడుగాటి మనిషి లేచారు. ఇస్త్రీ బట్టలు చూడగానే గుర్తుపట్టాను. గుడివాడ మాస్టారు. తాడు అవతల నిలబడ్డ మావయ్య కూడా గుర్తుపట్టినట్టున్నాడు, టీ బండి వెనక్కి వెళ్లిపోయాడు.

మాస్టారు నా దగ్గరికొచ్చి విల్లుని పైనుంచి కిందిదాకా చూశారు.

"మీ హాల్లో గోడకి తగిలించలేదామ్మా?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"నీది ఎడంచేతి వాటమా?" అన్నారు మళ్లీ.

"కాదండీ. విల్లుదండీ."

మాస్టారికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మొహం చేతుల్లో దాచుకుని నవ్వారు. నవ్వి, "నాది ఎడంచేతి వాటం. ఇరవై రెండేళ్లు దీంతోనే వేశాను. ఎడంచేతి విల్లని చెబుదామనే నాలిక చివరిదాకా వచ్చింది. గోడకి తగిలించేదానికి ఎడమేంటి, కుడేంటి అని ఊరుకున్నాను" అన్నారు. నేను తల దించుకున్నాను. "నా భుజం పోయింది, వెయ్యలేను. వేసేవాళ్లెవరన్నా వస్తారేమోనని ఏడాదిగా చూస్తున్నా. గోడకి అన్నారు చూడు, నా ప్రాణం ఉసూరుమంది. ఆ తరవాత మీరెంతంటే అంత అనుకున్నా. వేస్తానని నువ్వొక్క మాట అనుంటే నీ దగ్గర పైసా తీసుకునేవాణ్ణి కాదమ్మా."

మావయ్య గొప్ప బేరం ఖరీదు నాకు అప్పుడు తెలిసింది. ఆయన తగ్గించింది పద్దెనిమిదొందలు కాదు, ఎక్కువ ఇప్పించింది రెండువేల రెండొందలు.

మాస్టారు కుర్చీ వైపు వెళ్లబోతూ ఆగి, "మోచెయ్యి జారుతోంది. భుజానికి సమంగా ఎత్తు. కుడికన్ను మూసుకోడానికి అవస్థపడకు, తెరిచే ఉంచు, అదే ఊరుకుంటుంది" అన్నారు. రెండో దఫాలో అలాగే చేశాను. అంత బాగా నేను అంతకుముందెప్పుడూ వెయ్యలేదు, కుడిచేత్తో కూడా. ఆఖరి బాణం వదిలాక బల్ల దగ్గర కూడికలు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. అయిదో స్థానమే. రెండు పాయింట్ల తేడా. నలుగురమ్మాయిలు చొక్కాల కొలతలు ఇస్తుంటే నేను విల్లు విప్పి మూడు ముక్కలూ సంచీలో సర్దుకున్నాను. ఏడవకూడదని మాస్టారిలాగే గుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి మరీ సర్దాను.

అప్పుడొచ్చాడు మావయ్య టీ బండి వెనకనుంచి. సూటిగా మాస్టారి దగ్గరికెళ్లి, మొలలోంచి నోట్లు తీశాడు.

"పద్దెనిమిదొందలుంది మేస్టారండీ. మీరు చెప్పిన ధర నాలుగు వేలు. తీసుకోండి."

"వద్దండీ. నిజానికి నేనే మీకు వెనక్కివ్వాలి."

"అదేం కుదరదు. అబద్ధమాడి కొన్న సరుకు ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగట్లేదు."

"అయితే ఒక వంద ఇవ్వండి."

"పదిహేడొందలకి రూపాయి తక్కువైనా ఒప్పుకోను."

"రెండొందలు. ఆఖరి మాట."

నేను ఏడవాలో నవ్వాలో తెలీక నిలబడ్డాను. కొనేవాడు ఎక్కుతున్నాడు, అమ్మేవాడు దిగుతున్నాడు. చుట్టూ జనం చేరారు. ఈసారి మావయ్య మబ్బుల్ని చూడలేదు, మాస్టారి కళ్లలోకే చూస్తూ బేరమాడాడు. చివరికి అయిదొందల దగ్గర తెగింది, అది కూడా నాకు సరైన కొలత బాణాలు కొనిపెట్టడానికని మాస్టారు ఒప్పుకున్నారు. మావయ్య నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, అలవాటు ఎక్కడికి పోతుంది, "మరి కొసరండీ?" అన్నాడు.

మాస్టారు నా వంక చూశారు. "ఆదివారాలు గుడివాడ పంపించండి. భుజం పోయింది గానీ నోరు బాగానే పనిచేస్తోంది."

ఏడాదిపాటు ఆదివారాలు గుడివాడ బస్సెక్కాను. మరుసటి ఏడు మూడో స్థానంలో వచ్చి చొక్కా తెచ్చుకున్నాను. నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేటంత పెద్దది. (రాష్ట్ర పోటీల్లో నా స్థానం అడగకండి, కింది నుంచి వెతికితే త్వరగా దొరుకుతుంది.) పోటీ అయ్యాక ఆ చొక్కా మావయ్యకి సరిగ్గా సరిపోయింది. చాలా ఏళ్లు ఆయన అదే వేసుకుని రేవులో పాట పాడాడు. ఆయన వీపు మీద 'కృష్ణా' చూస్తే మాత్రం నాకు ఎప్పుడూ ఒళ్లు మండలేదు.

మాస్టారు ఇప్పుడు లేరు. నాకు యాభై దగ్గరపడుతోంది. మా ఇంట్లో ఈమధ్యే నిజంగా ఒక హాలు కట్టుకున్నాం. ఎడమ భుజం రెండేళ్లుగా పైకి లేవట్లేదు, డాక్టరు ఇక ఆ ఆట మానెయ్యమన్నారు. విల్లుని ఎక్కడ పెట్టాలో తెలీక, బాగా ఆలోచించి, ఎండ తగలని గోడ చూసి తగిలించాను. ఆదివారాలు దించి మెత్తటి గుడ్డతో తుడుస్తాను. ఇంటికొచ్చినవాళ్లు "షోకా అండీ?" అని అడుగుతారు. మావయ్య వచ్చినప్పుడు మాత్రం నన్ను నోరెత్తనివ్వడు. కుర్చీలో కూర్చుని, విల్లు వంక తేరిపార చూసి, "నేనారోజు అబద్ధం ఆడలేదే, కాస్త ముందుగా చెప్పానంతే" అంటాడు.